స్టీరింగ్ మీద తోలు ఊడిపోతోంది, కవర్ తొడగాలా, కుట్టించాలా? (కడప)

పెన్నా_గట్టు
పోయిన దసరాకు సెకండ్ హ్యాండ్‌లో 2018 మోడల్ కారు కొన్నాను. టాప్ వేరియంట్ కాబట్టి స్టీరింగ్‌కు కంపెనీ తోలే ఉంది. కొన్నప్పుడు నల్లగా నిగనిగలాడింది, చూసి మురిసిపోయాను. వేసవి వచ్చేసరికి గడియారంలో 10, 2 అంకెలు ఉండే చోట జిగురు జిగురుగా తయారైంది. ఆ తర్వాత గోటితో గీకితే పొరలు పొరలుగా లేస్తోంది. దిగి చూసుకుంటే అరచేతికి నల్లటి నలకలు.

ఇక్కడే ఒక షాపులో 450 రూపాయలు పెట్టి తొడుక్కునే కవర్ ఒకటి తెచ్చుకున్నాను. ‘ప్యూర్ లెదర్’ అన్నారు. మొన్న ఆదివారం ఇంట్లోవాళ్లతో రాయచోటికి బయలుదేరాం. గువ్వలచెరువు ఘాట్‌లో మలుపు దగ్గర స్టీరింగ్ తిప్పేటప్పుడు చేతిలో కవర్ తిరిగింది, స్టీరింగ్ తిరగలేదు. నాలుగు వేళ్ల మందం జారింది, అంతే. కానీ ఎదురుగా లారీ దిగుతోంది. ఎడమ టైరు రోడ్డు అంచు తొక్కింది. వెనక సీట్లో పిల్లలు ఏదో పాట పాడుకుంటున్నారు, వాళ్లకేమీ తెలియదు. నాకు మాత్రం కోవా బిల్లలు అమ్మే చోట ఆపి పావుగంట కూర్చుంటే గానీ కాళ్ల వణుకు తగ్గలేదు.

కవర్ అక్కడే పీకేశాను. ఇప్పుడేం చేయాలి? అసలైన తోలుతో కుట్టిస్తే ఎంతవుతుంది, మన వైపు ఎవరు కుడతారు, కుట్టించాక ఎట్ల చూసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అనంత_డ్రైవర్
ముందు ఆ కవర్ పీకేసి మంచి పని చేశావన్నా. పన్నెండేళ్లుగా అనంతపురం, బెంగళూరు మధ్య ట్యాక్సీ తోలుతున్నాను. తొడుక్కునే కవర్‌కు ఒక్కటే పరీక్ష. తాళం తీసి స్టీరింగ్ లాక్ పడనివ్వు. లాక్ పడ్డాక రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కవర్‌ను తిప్పి చూడు. వెంట్రుకవాసి కదిలినా అది కారులో ఉండకూడదు. చల్లటి పొద్దున కాదు, కారు ఎండలో కాగాక చూడాలి. వేడికి అన్నీ సాగుతాయి.

గుత్తి_కోట
నాకు కవరే బాగుంది. ఆరేళ్లయింది, ఒక్కసారి కూడా జారలేదు. సైజు చూసుకోకుండా కొని కవర్‌ను తిట్టడం సరి కాదు.

పెన్నా_గట్టు
సైజంటే ఏంటి? షాపులో నన్నేమీ అడగలేదు. కారు పేరు అడిగి చేతిలో పెట్టారు.

గుత్తి_కోట
అదే తప్పు. టేపు పెట్టి స్టీరింగ్‌ను ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా కొలవాలి. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి 37, 38 సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని షాపుల్లో మీడియం అంటారు. అంతకు తక్కువైతే స్మాల్, 39, 40 ఉంటే లార్జ్. 36 ఉన్న స్టీరింగ్‌కు 38 కవర్ తొడిగితే గువ్వలచెరువు దాకా పోనక్కర్లేదు, ఏడు రోడ్ల దగ్గర మలుపులోనే జారుతుంది. ఇంకో కొలత కూడా ఉంది. రింగు చుట్టూ దారం చుట్టి దాని లావు చూడాలి. దాన్ని ఎవరూ పట్టించుకోరు. లావు రింగుకు సన్న కవర్ తొడిగితే నోరు తెరుచుకుని ఉంటుంది, సన్న రింగుకు లావు కవర్ తొడిగితే లోపల గాలి ఆడుతుంది.

తొడిగేటప్పుడు కవర్‌ను ఒక పావుగంట ఎండలో పెట్టి, మెత్తబడ్డాక పైనుంచి మొదలుపెట్టి రెండు వైపులా కిందికి లాగాలి. ఆఖరి జానెడు చోట చెమటలు పట్టాలి. సులువుగా ఎక్కిందంటే అది నీ సైజు కాదని అర్థం.

బురుజు_బాషా
గుత్తి అన్న చెప్పింది గుండ్రటి స్టీరింగ్‌కు. కింద బల్లపరుపుగా ఉండే రకం చాలా కొత్త కార్లకు వస్తోంది. దానికి గుండ్రటి కవర్ ఎంత లాగినా కింద సంచిలా వేలాడుతుంది. మా తమ్ముడి కారుకు చూశాను, ఆ వేలాడే చోట మోకాలు తగులుతోంది.

పద్మజ_కర్నూలు
నా బాధ వేరు. నాకు చిన్న చేతులు. కవర్ వేస్తే రింగు లావైపోయి వేళ్లు చుట్టూ అందవు. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లొచ్చేసరికి బొటనవేలి మొదట్లో నొప్పి. కవర్ తీసేసిన రోజు నుంచి నొప్పి లేదు. మావారికి మాత్రం లావుగా ఉంటేనే పట్టు దొరుకుతుందంటారు. ఒకే కారు ఇద్దరు నడిపే ఇళ్లలో ఈ మాట ముందే మాట్లాడుకోండి.

పెన్నా_గట్టు
మా ఇంట్లోనూ ఇద్దరం నడుపుతాం అక్కా. మంచి మాట చెప్పారు. మరి కుట్టిస్తే కూడా లావవుతుందా?

కుట్టుసూది
నేను చెప్తాను. కర్నూల్లో సీటు కవర్లు కుట్టే పని మాది. నాన్న కాలం నుంచి ఉంది, స్టీరింగ్‌లు నేను కుట్టబట్టి తొమ్మిదేళ్లు.

తొడుక్కునే కవర్ లోపల రబ్బరు పట్టీ ఉంటుంది, దాని మీద రెక్సినో తోలో అతికిస్తారు. లావు అందుకే. కుట్టే తోలు మందం ఒక మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర లోపు. చేతికి తేడా పెద్దగా తెలియదు. పద్మజ అక్కలాంటి వాళ్లకు అదే నయం.

పద్ధతి ఇది. ముందు రింగు మీద ఉన్న జిడ్డంతా తుడవాలి. జిడ్డు మీద కుడితే ఆరు నెలలకే లోపల జారడం మొదలవుతుంది. మీ దాంట్లో పాత తోలు లేస్తోంది కాబట్టి, లేచిన పొరను సన్న గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయాలి, లేదా పాత తోలే విప్పేయాలి. తర్వాత కాగితంతో అచ్చు తీసుకుంటాం. ఆ అచ్చు కన్నా తోలును రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువే కోస్తాం. ఎందుకంటే కుట్టు లాగినకొద్దీ తోలు సాగి రింగును కరుచుకోవాలి. సరిగ్గా రింగంత కోస్తే వదులవుతుంది.

కుట్టు రింగు లోపలి అంచున వస్తుంది. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు. ఈ పక్క నుంచి ఒకటి, ఆ పక్క నుంచి ఒకటి, మధ్యలో దాటుకుంటూ పోతాయి. మైనం పట్టించిన పాలిస్టర్ దారమే వాడాలి. నూలు దారం చెమటకు చీకిపోతుంది. ప్రతి కుట్టుకూ ఒకే బిగువు రావాలి. కాసేపు ఫోన్ మాట్లాడి మళ్లీ మొదలుపెట్టినా ఆ చోట కుట్టు తేడాగా కనిపిస్తుంది, అందుకే స్టీరింగ్ పట్టుకుంటే నేను ఫోన్ పక్కన పడేస్తాను. రెండున్నర, మూడు గంటలు పడుతుంది.

బురుజు_బాషా
ఇంత వివరంగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదన్నా. స్టీరింగ్ విప్పి కుడతారా, అట్లే కుడతారా?

కుట్టుసూది
విప్పకుండానే. విప్పాలంటే బ్యాటరీ వైరు తీసి, కాసేపు ఆగి, ఎయిర్‌బ్యాగ్ విప్పాలి. అది తెలిసిన మెకానిక్ చేయాల్సిన పని, మా పని కాదు. ఎవరైనా సీటు కవర్ల షాపువాళ్లు ‘విప్పి కుడతాం, నీటుగా వస్తుంది’ అంటే ఒప్పుకోకండి. స్పోకు (రింగును మధ్య భాగానికి కలిపే కడ్డీ) దగ్గర తోలు అంచును మొద్దు ప్లాస్టిక్ పుల్లతో లోపలికి దోపుతాం. బ్లేడు అక్కడికి రానివ్వను.

సీమ_మెకానిక్
కుట్టుసూది అన్న మాటకు నూటికి నూరు మార్కులు. మధ్యలో ఉండే మూత మాత్రం ఎవరూ ముట్టకండి. కవర్ వేసినా కుట్టించినా రింగు వరకే. 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి, కాబట్టి ఆ తర్వాత తయారైన ఏ కారులోనైనా ఆ మూత వెనక అది ఉన్నట్టే. మూత చీలే గీత లోపల ముందే ఉంటుంది, అది అక్కడే చీలాలి. కొందరు దాని మీద రాళ్లు పొదిగిన స్టిక్కర్లు, ఇత్తడి దేవుడి బొమ్మలు అతికిస్తారు. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటు కన్నా ముందే తెరుచుకుంటుంది. ఆ వేగానికి ఆ బొమ్మ నేరుగా మొహం మీదికి వస్తుంది. దేవుణ్ణి డ్యాష్‌బోర్డు మీద ఓ పక్కన పెట్టుకోండి, ఆయనకూ రోడ్డు కనిపిస్తుంది.

ప్రొద్దుటూరు_బంగారం
ఆయనకూ రోడ్డు కనిపిస్తుంది 😄 ఇవాళే మా నాన్నగారికి చదివి వినిపిస్తా. మా కారులో స్టీరింగ్ మధ్యలోనే లక్ష్మీదేవి ఉంది.

సీమ_మెకానిక్
ఇవాళే తీసేయండి సార్. పెద్దాయనకు నచ్చజెప్పి తీయండి.

పెన్నా_గట్టు
ఒక సందేహం. తోలు అని రెక్సిన్ అంటగట్టకుండా ఎట్ల కనుక్కోవాలి? నాకు ప్యూర్ అని ఇచ్చింది చూస్తే వెనక గుడ్డ ఉంది.

కుట్టుసూది
గుడ్డ ఉంటే రెక్సినే. కోసిన అంచు చూడాలి. నిజమైన తోలు అంచు పీచు పీచుగా, దూది విడినట్టు ఉంటుంది. రెక్సిన్ అంచులో పైన సన్న ప్లాస్టిక్ పొర, కింద అల్లిన బట్ట విడివిడిగా కనిపిస్తాయి. బొటనవేలితో నొక్కితే తోలు మీద సన్నటి ముడతలు నాలుగు వైపులా పాకుతాయి, మన చర్మం నొక్కినట్టే. రెక్సిన్ గుంటపడి మళ్లీ పైకి లేస్తుంది. వాసన నమ్మకండి, తోలు వాసన కూడా సీసాలో దొరుకుతుంది.

ఇంకొకటి. జెన్యూన్ లెదర్ అని ముద్ర ఉన్నా సంబరపడకండి. తోలును పొరలుగా చీలుస్తారు. పై పొర గట్టిది, మన్నుతుంది. కింది పొర మీద ప్లాస్టిక్ పూత పూసి అమ్మినా అది తోలే కదా, అబద్ధం కాదు. కానీ చేతి రాపిడికి ఆ పూత పోతే కింద ఏమీ మిగలదు. ‘టాప్ గ్రెయిన్ ఉందా’ అని, అంటే పై పొర తోలు ఉందా అని అడగండి. మేం ఎక్కువగా తమిళనాడు నుంచి, రాణిపేట, ఆంబూరు సరుకు తెప్పిస్తాం.

తోలుబొమ్మ_ధర్మవరం
మా పక్కనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలు చేసే ఊరు, దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు పని అంటే వాళ్లదే కదా, వాళ్లతో స్టీరింగ్ చేయించుకుంటే మన జిల్లా పనితనం కారులో ఉంటుందని నాకో ఆశ. కుదురుతుందా?

కుట్టుసూది
ఆశ మంచిదే గానీ ఆ తోలు వేరు. బొమ్మలకు మేకతోలును శుభ్రం చేసి, గీకి, ఆరబెడతారు, అద్దంలా వెలుతురు కనిపించాలి కాబట్టి పదును చేయరు. అది అట్టలా బిగుసుకుని ఉంటుంది. చెమట తగిలితే మెత్తబడుతుంది, ఆరితే మళ్లీ బిగుస్తుంది. స్టీరింగ్‌కు చుట్టిన నెలకే ముడుచుకుపోతుంది. వాళ్ల దీపపు తెర ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి, దాని అందం అక్కడ.

తోలుబొమ్మ_ధర్మవరం
అర్థమైంది. దీపం ఇప్పటికే ఉంది, మా పాప గదిలో హనుమంతుడు వెలుగుతుంటాడు.

రిటైర్డ్_మాస్టారు
ఇంత చర్చ ఎందుకు నాయనా. మా నాన్న కిర్రుచెప్పులకు నెలకోసారి ఆముదం పట్టించి ఎండలో పెట్టేవాడు. ఇరవై ఏళ్లు తొడిగాడు. నేను కూడా కారు స్టీరింగ్‌కు ఆముదం రాస్తున్నాను. తోలుకు నూనె తగిలితేనే బతుకుతుంది. కొబ్బరి నూనె అయినా సరే.

డీటైలింగ్_రవి
మాస్టారూ, మీ మాట కిర్రుచెప్పుల విషయంలో నిజం. కార్ల విషయంలో మాత్రం దయచేసి ఆపేయండి. కారణం చెబుతాను.

ఆ చెప్పుల తోలు తంగేడు చెక్క, తుమ్మ చెక్క నీళ్లలో ఊరబెట్టి పదును చేసింది. పైన పూత ఏమీ ఉండదు. నూనె పోస్తే తాగుతుంది, మెత్తబడుతుంది. కారు తోలు ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేసింది, దాని మీద రంగు, ఆపైన పాలియురెథేన్ పూత ఉంటాయి. మన చేతికి తగిలేది ఆ పూతే. ఆముదం లోపలికి పోదు. పైనే కూర్చుని దుమ్ముతో, చెమటతో కలిసి బంకవుతుంది. పెన్నా గట్టు గారు మొదట ‘జిగురు జిగురుగా’ అన్నారు చూడండి, అసలు జబ్బు అక్కడ ఉంది. పాత యజమాని అమ్మే ముందు ఏదో పాలిష్ రుద్దించి ఉంటారు. నిగనిగ అంటే తోలు బాగుందని కాదు, పైన జిడ్డు ఉందని. కారు కొత్తగా వచ్చినప్పుడు స్టీరింగ్ మెరవదు.

రిటైర్డ్_మాస్టారు
ఆరేళ్లుగా రాస్తున్నాను, నాకేమీ కాలేదే?

డీటైలింగ్_రవి
ఒక పని చేయండి మాస్టారూ. తెల్ల నూలు బట్ట తీసుకుని, నీళ్లలో ముంచి గట్టిగా పిండి, ఒక్క బొట్టు బేబీ షాంపూ వేసి, స్టీరింగ్ పైభాగంలో జానెడు మేర తుడవండి. బట్ట ఏ రంగు అయిందో ఇక్కడ చెప్పండి.

అనంత_డ్రైవర్
మాస్టారి బట్ట కోసం ఎదురుచూస్తున్నాం 🙂

ప్రొద్దుటూరు_బంగారం
ఈ లోగా నా వంతు. మా వీధిలో అందరి చేతులకూ ఉంగరాలే. కుడి చేతి ఉంగరం స్టీరింగ్‌ను ఎక్కడ ఒరుసుకుంటుందో సరిగ్గా అక్కడే నా దానికి గీతలు పడ్డాయి. రాళ్లు పొదిగిన ఉంగరమైతే బ్లేడే. నేను ఇప్పుడు బండెక్కాక ఉంగరం తీసి జేబులో వేసుకుంటున్నాను.

రిటైర్డ్_మాస్టారు
బట్ట తుడిచాను. కాఫీ డికాక్షన్ రంగు అయింది. రెండోసారి తుడిస్తే టీ రంగు. మూడోసారికి కొంచెం తెల్లగా వచ్చింది. తుడిచిన జానెడు చోట చేతికి గరుగ్గా పట్టు దొరుకుతోంది, మిగతాది ఇప్పుడు జారుతున్నట్టు తెలుస్తోంది. ఇన్నాళ్లూ ఆ జారుడే తోలు మెత్తదనం అనుకున్నాను. మిగతాది కూడా రేపు పొద్దున తుడుస్తాను. రవి గారికి ధన్యవాదాలు.

డీటైలింగ్_రవి
మాస్టారూ, మీరు వెంటనే తుడిచి చూసి చెప్పారు, మీకు నా నమస్కారం. మొత్తం తుడిచాక నీళ్లలో పిండిన వేరే బట్టతో ఇంకోసారి తుడిచి, పొడి బట్టతో ఒత్తండి. ద్రావణం ఏదైనా బట్ట మీద వేయాలి గానీ స్టీరింగ్ మీద చల్లకూడదు. హారన్, వాల్యూమ్ బటన్ల సందుల్లోకి తడి దిగితే బటన్లు మొరాయిస్తాయి. కుట్ల దగ్గర మెత్తటి టూత్‌బ్రష్ చాలు. రోజూ నడిపేవాళ్లు పదిహేను రోజులకోసారి ఇలా తుడుచుకుంటే ఇంకేమీ అక్కర్లేదు.

రాయకూడనివి కూడా చెప్పేస్తాను. డ్యాష్‌బోర్డు పాలిష్ వద్దు, అందులో సిలికాన్ ఉంటే స్టీరింగ్ సబ్బు ముక్కలా జారుతుంది. పెట్రోలు, థిన్నరు వద్దు. అన్నిటికన్నా ముఖ్యం శానిటైజర్. 2020లో కరోనా వచ్చినప్పుడు అందరూ చేతులకు శానిటైజర్ రాసుకుని తడి చేతులతోనే స్టీరింగ్ పట్టుకున్నారు. స్పిరిట్ ఆ పూతను మెత్తబరుస్తుంది. ఆ ఏడాది తర్వాత నా దగ్గరికి పూత లేచిన స్టీరింగ్‌లు వరస కట్టి వచ్చాయి. పెన్నా గట్టు గారిది 2018 మోడల్ అంటే ఆ కాలం కూడా చూసిందే.

పద్మజ_కర్నూలు
హ్యాండ్ క్రీము, సన్‌స్క్రీన్ కూడా అంతేనా? ఎండలో వెళ్లేటప్పుడు తప్పదు నాకు.

డీటైలింగ్_రవి
అంతే మేడమ్. రాసుకోండి, చర్మం ముఖ్యం. ఐదు నిమిషాలు ఇంకనిచ్చి కారెక్కండి. తలకు నూనె పెట్టుకుని ఆ చేతులతో పట్టుకోవడం కూడా ఇదే కోవ.

అనంత_డ్రైవర్
కోవ అంటే గుర్తొచ్చింది. గువ్వలచెరువులో పాలకోవా తిన్న చేతులు కడుక్కోకుండా బండెక్కే ప్యాసింజర్లు ఎంతమందో. వాళ్లు డోరు పట్టుకుంటారు కాబట్టి సరిపోయింది.

గుత్తి_కోట
ఆయుధపూజ సంగతి ఎవరూ ఎత్తలేదు. మేం ఏటా స్టీరింగ్‌కు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడతాం. పోయినేడు చిన్నాన్న కారుకు కొత్తగా లేత గోధుమ రంగు తోలు కుట్టించి, ఆ మరుసటి వారమే పూజ చేశారు. పసుపు పోలేదు, ఇప్పటికీ అట్లే ఉంది. కుంకుమ బొట్టు చుట్టూ గులాబీ రంగు వలయం.

కుట్టుసూది
లేత రంగుకు పసుపు పడితే పోదు. గట్టిగా రుద్దితే తోలు రంగే పోతుంది. పూజ మానమని నేను చెప్పను, మా షాపులోనూ కుట్టు మిషన్లకు చేస్తాం. స్టీరింగ్‌కు బంతిపూల దండ వేయండి, బొట్లు బానెట్ మీదో నంబరు ప్లేటు మీదో పెట్టండి. రింగుకే పెట్టాలనుకుంటే ముందు చిన్న తమలపాకు కట్టి దాని మీద పెట్టండి. అసలు మన దుమ్ముకు నలుపే మేలు.

బురుజు_బాషా
నాకు తోలే వద్దు. ఇంట్లో అమ్మ ఒప్పుకోదు, పూజ చేసే కారులో తోలేంటని. నాలాంటివాళ్లు ఏం వేయించాలి?

కుట్టుసూది
మైక్రోఫైబర్ అని వస్తుంది బాషా భాయ్, తోలు కాదు. సన్నటి నూలుపోగుల్లాంటి ప్లాస్టిక్ పీచు మీద పూత వేసింది. దాన్నీ ఇట్లే సూదితో కుట్టొచ్చు. మామూలు రెక్సిన్ ఎండకు పొలుసులు రాలుతుంది, ఇది మంచిది తీసుకుంటే బాగా మన్నుతుంది. నేను స్వయంగా చాలా కార్లకు వేశాను.

సీమ_మెకానిక్
మన వైపు ఎండ గురించి కూడా రాయాలి. కర్నూలు, అనంతపురం ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలకు పోతాయి. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ముందు అద్దానికి వెండి రంగు తెర అడ్డం పెట్టండి, వెండి వైపు బయటికి ఉండాలి. అది లేకపోతే పాత నూలు తువ్వాలు స్టీరింగ్ మీద కప్పినా చాలు. నేను రెండోదే చేస్తాను. నీడ దొరికితే నీడే. చెట్టు కిందైతే పిట్టల రెట్టలు, అది వేరే కథ.

కొందరు ఎండకు భయపడి నల్ల ఫిల్ములు అతికిస్తున్నారు. 2012లో సుప్రీంకోర్టు వాటిని కాదంది. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు పోయేలా ఉండాలని నిబంధన. జరిమానా కట్టేకన్నా తువ్వాలు చౌక.

అనంత_డ్రైవర్
నేను ఎండలో ఆపేటప్పుడు స్టీరింగ్‌ను సగం చుట్టు తిప్పి ఆపుతాను. రోజూ పట్టుకునే పైభాగం కిందికి పోతుంది, ఎండ మొత్తం ఒకే చోట పడదు. వచ్చాక మళ్లీ తిప్పుకుంటే పట్టుకునే చోటు చల్లగా ఉంటుంది. మలుపులో ఉన్న టైర్లు చూసుకుని బయలుదేరాలి, మరిచిపోకూడదు.

పద్మజ_కర్నూలు
ఇది నిజంగా పనికొచ్చే చిట్కా. రేపటి నుంచే.

పెన్నా_గట్టు
సన్న చిల్లులున్న తోలు వేయించమని ఒకాయన చెప్పాడు. చెమట పట్టదట.

కుట్టుసూది
చెమట ఎక్కువ పట్టే చేతులైతే రెండు పక్కలా, గడియారంలో 9, 3 ఉండే చోట చిల్లుల తోలు, పైన కింద సాదా తోలు వేయించుకోండి. మొత్తం చిల్లులది వద్దు. ఆ చిల్లుల్లో మురికి చేరితే తీయడం కష్టం, తడి ఎక్కువైతే లోపలికి దిగుతుంది.

గుత్తి_కోట
ఖర్చు ఎవరూ చెప్పలేదు. అది కదా అసలు ప్రశ్న.

కుట్టుసూది
నా దగ్గరైతే తోలుతో కలిపి 2,800. మైక్రోఫైబర్ 1,800. వేరే చోట వేరే రేట్లు ఉంటాయి. బెంగళూరు జేసీ రోడ్డుకు పోతే రకాలు ఎక్కువ దొరుకుతాయి, కానీ అక్కడ రద్దీలో గంటలో కుట్టి పంపిస్తామంటే నేను నా కారు ఇవ్వను. ఎక్కడ కుట్టించినా పక్కన కూర్చుని చూడండి. కుట్టేవాడికి కోపం రాదు, పని వచ్చినవాడైతే సంతోషిస్తాడు.

రిటైర్డ్_మాస్టారు
మొత్తం తుడిచేశాను. నాలుగు బట్టలు అయ్యాయి. కింద కుట్టు నీలం రంగని ఇవాళే చూశాను, ఇన్నాళ్లు నల్ల దారం అనుకున్నాను.

డీటైలింగ్_రవి
😀 చాలా సంతోషం మాస్టారూ.

పెన్నా_గట్టు
మూడు వారాలయింది, ఏమైందో చెప్పాలి కదా.

పాత తోలును పూర్తిగా శుభ్రం చేసి, రంగు వేయించి నిలబెట్టుకోవచ్చేమోనని ముందు రవి గారిని ఫొటోలతో అడిగాను. పూత లేచింది పైన మాత్రమే అయితే రుద్ది, రంగు, పై పూత వేసి బాగు చేయవచ్చని, నా దాంట్లో తోలే చీలింది కాబట్టి లాభం లేదని చెప్పారు. డబ్బు వచ్చే పని వద్దని చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

పోయిన శనివారం పొద్దున కర్నూలు వెళ్లాను. కుట్టుసూది అన్న షాపు కొండారెడ్డి బురుజు వైపు నుంచి నడిచి పోయేంత దూరమే. పాత తోలు విప్పుతుంటే కింద నురుగు మీద తడి మరకలు కనిపించాయి, చెమట అంత లోపలికి దిగింది. కొలిస్తే స్టీరింగ్ 36న్నర, నాకు అంటగట్టిన కవర్ 38. తర్వాత పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. అన్న సీటు వెనక్కి వాల్చి, ఒంటి కాలు బయటపెట్టి కుడుతున్నాడు. ప్రతి నాలుగు కుట్లకు ఒకసారి రెండు సూదులూ వదిలేసి, దారాన్ని రెండు చేతులా లాగి, బొటనవేలి గోటితో కుట్టు మీద గీకి బిగువు చూసుకున్నాడు. స్పోకు దగ్గరికి వచ్చాక అసలు మాట్లాడలేదు. మూడు గంటల పది నిమిషాలు పట్టింది. నల్ల తోలు, నల్ల దారం. పక్కల సన్న చిల్లులు.

తిరిగి వచ్చేటప్పుడు ఆళ్లగడ్డ దాటాక వాన పట్టుకుంది. అరచేతులు తడిగా ఉన్నా రింగు కదల్లేదు. నిన్న మళ్లీ గువ్వలచెరువు ఘాట్ ఎక్కాం. అదే మలుపు దగ్గర మా ఆవిడ నా వైపు చూసింది, నేను స్టీరింగ్ వైపు చూశాను. చెయ్యి ఎంత తిప్పితే బండి అంత తిరిగింది.

బురుజు_బాషా
కోవా తెచ్చారా?

పెన్నా_గట్టు
తెచ్చాం. చేతులు కడుక్కునే బండెక్కాం.

కుట్టుసూది
మొదటి వారం నీళ్లతో తుడవకండి అన్నా, కుట్టు సర్దుకోవాలి. నెల తర్వాత అటు వైపు వస్తే ఒకసారి చూపించండి, ఎక్కడైనా వదులైతే బిగిస్తాను. దానికి డబ్బులేం వద్దు.